తోటపై హక్కు, మహిళా నాయకత్వం: నూజివీడు మామిడి ప్రాంతం ఆధారంగా ఒక వివేచన

వ్యాస సంగ్రహం: స్త్రీలకు హక్కు చట్టం ద్వారా సంక్రమిస్తుంది. నాయకత్వం నిర్ణయాధికారం నుండి రూపొందుతుంది. ఈ రెండింటి మధ్య గల దూరాన్ని నూజివీడు మామిడి తోటల నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆస్తి హక్కు, పంచాయతీ పదవి, పొదుపు సంఘం, బాలికల విద్య అనే నాలుగు అంశాలను ఆఫ్రికా మహిళల అనుభవంతో కలిపి ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: మహిళా రైతు, వారసత్వ హక్కు, నాయకత్వం, నూజివీడు, మామిడి.

1. ప్రవేశిక

నూజివీడు అనగానే తెలుగువారికి చిన్న రసాలు, పెద్ద రసాలు గుర్తుకు వస్తాయి. ఒకప్పటి జమీందారీ కేంద్రమైన ఈ పట్టణం చిరకాలం కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నాటి జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరింది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల మెట్ట భూములలో మామిడి ప్రధానమైన తోట పంట. మామిడి ఏటా విత్తి కోసే పైరు కాదు. అంటు నాటిన కొన్నేళ్లకు కాపు మొదలై, దశాబ్దాల పాటు కొనసాగుతుంది. అందువల్ల మామిడి తోట ఒక తరం నుండి మరొక తరానికి చేరే ఆస్తి. ఆ ఆస్తి కూతురికి చేరుతున్నదా, చేరినా దానిపై నిర్ణయం ఆమెదేనా అన్నవి ఇక్కడి మహిళల నాయకత్వాన్ని అంచనా వేయడానికి కీలకమైన ప్రశ్నలు.

2. పని, పేరు, నిర్ణయం

కాయ కోయడం సాధారణంగా పురుషుల పని. కలుపు తీయడం, రాలిన కాయలు ఏరడం, సైజుల వారీగా వేరు చేయడం, పెట్టెలలో సర్దడం వంటి పనులలో స్త్రీల శ్రమ అధికం. అయితే చాలా తోటలలో కాపును పూత లేదా పిందె దశలోనే వ్యాపారికి అప్పగించే పద్ధతి ఉంది. ధర ఎంత, బయానా ఎంత, గాలివానకు కాయ రాలితే నష్టం ఎవరిది అనే విషయాలు అప్పుడే తేలిపోతాయి. ఏడాది ఆదాయాన్ని నిర్ణయించేది ఆ ఒక్క బేరమే. అందులో స్త్రీ లేనప్పుడు, తోటలో ఆమె ఎంత పని చేసినా దాని నిర్వహణలో ఆమెకు భాగం లేనట్లే.

భాష కూడా ఈ స్థితిని సూచిస్తుంది. 'రైతు' అనే పదం ఇద్దరికీ వర్తించదగినదే అయినా వాడుకలో పురుషుణ్ణే స్ఫురింపజేస్తుంది. స్త్రీని చెప్పడానికి 'మహిళా' అనే విశేషణం చేర్చవలసి వస్తున్నది. 'ఆడపిల్ల' అంటే 'ఆడ', అనగా అక్కడి పిల్ల అనే జనవ్యుత్పత్తి ప్రచారంలో ఉంది. 'ఆడ' శబ్దానికి స్త్రీ అనే అర్థం స్వతస్సిద్ధంగా ఉన్నందున ఈ వ్యుత్పత్తి భాషాశాస్త్రరీత్యా నిలవదు. కానీ కూతురు పుట్టింటికి చెందదనే భావనను అది బలంగా వ్యక్తం చేస్తుంది. కోస్తా ప్రాంతంలో పెళ్లినాడు కూతురికి 'పసుపు కుంకుమల కింద' భూమి ఇచ్చే ఆచారాన్నీ ఇక్కడే గమనించాలి. కానుక ఇచ్చేవారి దయపై ఆధారపడుతుంది. వాటా పుట్టుకతో వస్తుంది. చట్టం కానుకను వాటాగా మార్చినా, వ్యవహారంలో అది ఇంకా కానుకగానే మిగిలిపోతున్నది.

3. చట్టం చూపిన దారి

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానంగా జన్మహక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. ఇది 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోకి వచ్చింది. అప్పటికే వివాహమైన కుమార్తెలకు మాత్రం ఇది వర్తించలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఈ సమాన హక్కును దేశమంతటికీ విస్తరించింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

హక్కు ఉన్నప్పటికీ దానిని కోరడం మరొక సమస్య. వాటా అడిగితే పుట్టింటి రాకపోకలు తెగిపోతాయనే భయం అనేకమంది స్త్రీలను హక్కు విడుదల దస్తావేజుపై సంతకం చేయిస్తుంది. సోదరుని ఆదరణ, సొంత వాటా ఒకదానికొకటి విరుద్ధమన్నట్లుగా కుటుంబంలో భావన ఏర్పడడమే ఇందుకు మూలం. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు లేనప్పుడు బ్యాంకు రుణం, పంట నష్టపరిహారం వంటివి పొందడం కష్టమవుతుంది. సొంత భూమి లేకపోయినా సాగు చేసేవారిని, వ్యవసాయ కూలీలను కూడా 'రైతు' నిర్వచనంలో చేర్చిన 2007 జాతీయ రైతు విధానం ఈ దృష్టితో ప్రాధాన్యం కలది.

4. పదవి, సంఘం

కృష్ణా ప్రాంతంలో స్త్రీల సంఘటిత కృషికి దీర్ఘ చరిత్ర ఉంది. నందిగామలో జన్మించిన భండారు అచ్చమాంబ 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం గ్రామీణ స్త్రీలను వీధిలోకి తెచ్చింది. ఆ స్ఫూర్తితో పొదుపు సంఘాలు రాష్ట్రమంతటా విస్తరించాయి. 73వ రాజ్యాంగ సవరణ 1993 నుండి పంచాయతీలలో స్త్రీలకు కనీసం మూడోవంతు స్థానాలు కేటాయించగా, ఆంధ్రప్రదేశ్ 2011లో వాటిని సగానికి పెంచింది.

పదవి ఉన్నచోట భర్త పెత్తనం చేయడం తరచుగా విమర్శకు గురవుతున్నది. దీనికి ఆమె అసమర్థత కారణం కాదు. సొంత ఆదాయం, ఆస్తి లేని వ్యక్తికి పదవి వచ్చినా, ఇంట్లో నిర్ణయించేవారే బయటా నిర్ణయిస్తారు. పొదుపు సంఘంలో లెక్కలు చూసి, తీర్మానాలు నడిపిన అనుభవం పంచాయతీలో ఉపకరిస్తుంది. ఆ అనుభవం తోట బేరం వరకు చేరినప్పుడే పూర్తి ఫలితమిస్తుంది.

5. ఆఫ్రికా అనుభవం

ఆఫ్రికాలోనూ చెట్టుకూ హక్కుకూ సన్నిహిత సంబంధం ఉంది. అక్కడి కొన్ని సమాజాలలో దీర్ఘకాలిక వృక్షాన్ని నాటడం నేలపై హక్కు చాటుకోవడంగా భావిస్తారు. అందుచేత స్త్రీలు అలాంటి చెట్లు నాటడంపై ఆంక్షలు ఉన్నాయి. ఈ నేపథ్యంలో 1977లో కెన్యాలో వంగారి మాతాయ్ ఆరంభించిన గ్రీన్ బెల్ట్ ఉద్యమం విశిష్టమైనది. గ్రామీణ స్త్రీలు నారు పెంచి మొక్కలు నాటుతూ, పాలకులను ప్రశ్నించే స్థాయికి ఎదిగారు. 2004లో ఆమె నోబెల్ శాంతి బహుమతి పొందిన తొలి ఆఫ్రికా మహిళ అయ్యారు. 2003లో ఆఫ్రికా యూనియన్ ఆమోదించిన మపూటో ప్రోటోకాల్ తల్లిదండ్రుల ఆస్తిలో స్త్రీపురుషులకు న్యాయమైన వాటాను ప్రకటించింది. చట్టం, ఆచారం మధ్య సంఘర్షణ అక్కడా కొనసాగుతున్నది.

6. బాలికల విద్య

2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి నూజివీడు ఒక ప్రాంగణం. పదో తరగతి తరువాత గ్రామీణ విద్యార్థులు ఇక్కడ ఆరేళ్ల సమీకృత కోర్సులో చేరతారు. బాలికకు ఇది చదువుతో పాటు, పెళ్లి ఒత్తిడి అధికంగా ఉండే వయస్సులో ఆరేళ్ల వ్యవధిని కూడా ఇస్తుంది. అయితే 'చదివించాం గదా, ఇక వాటా ఎందుకు' అనే ధోరణి విద్యను సైతం కట్నంలా ఆస్తికి బదులుగా లెక్కిస్తుంది. విద్య, వాటా వేర్వేరు హక్కులని గుర్తించడం అవసరం.

7. ముగింపు

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. నూజివీడు వంటి ప్రాంతంలో దానికి సార్థకత పాసుపుస్తకంలో స్త్రీ పేరు, కాపు బేరంలో ఆమె మాట, పంచాయతీలో ఆమె నిర్ణయం ఒకే మనిషిలో కలిసినప్పుడే లభిస్తుంది. విడివిడిగా ఇవి హక్కులు మాత్రమే. కలిసినప్పుడు నాయకత్వమవుతాయి. పుట్టింటి తోటలో వాటా తీసుకున్న కూతురు ఆ ఇంటి బంధాన్ని తెంచుకున్నట్లు కాదని కుటుంబం అంగీకరించడం ఇందుకు తొలి మెట్టు.