జనవరి మాది!

బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్‌లో జనవరి అంటే ఎముకలు కొరికే చలి. అక్కడి ఎంఐటీలో డిసెంబర్‌లోనే పరీక్షలు అయిపోతాయి, తర్వాతి సెమిస్టర్ ఫిబ్రవరిలో గానీ మొదలుకాదు. అయినా ల్యాబుల్లో అర్ధరాత్రి దాకా లైట్లు ఆరవు. 1971 నుంచి అక్కడ ఆ నెల ‘ఇండిపెండెంట్ యాక్టివిటీస్ పీరియడ్’. క్యాంపస్‌లో పలికేది మాత్రం ఐఏపీ అనే. ఇష్టముంటే ఏదైనా నేర్చుకోవచ్చు, లేదంటే ఇంటికెళ్లి నిద్రపోవచ్చు. క్లాసు పెట్టాలంటే ప్రొఫెసరే కానక్కర్లేదు, విద్యార్థీ పెట్టొచ్చు. టై కట్టుకోవడం, నలుగురిలో మాట కలపడం నేర్పే ‘చార్మ్ స్కూల్’ 1993లో ఐఏపీలో మొదలైందే. ఇంజినీర్లకు అది అవసరమే మరి!

వీటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది 1987లో మొదలైన రోబో పోటీ. నడిపిందీ విద్యార్థులే. జట్టుకో పెట్టె ఇచ్చేవారు. అందులో లెగో ముక్కలు, మోటార్లు, సెన్సర్లు, వైర్లు. నెల తిరిగేలోపు రోబోను కట్టి, ప్రోగ్రామ్ రాసి బల్లమీద నిలబెట్టాలి. బల్ల కింద దీపం వెలగగానే అది దానంతటదే కదలాలి. ఆ తర్వాత ఎవరూ చెయ్యి పెట్టకూడదు. రాత్రంతా తిప్పలుపడి బిగించిన గేరు అక్కడే ఊడిపోతే, హాలంతా చూస్తుండగా గుడ్లప్పగించి నిలబడాల్సిందే. ఈ పోటీని తీర్చిదిద్దినవారిలో ఒకరైన ఫ్రెడ్ మార్టిన్, ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో ‘ప్రోగ్రామబుల్ బ్రిక్’ (ప్రోగ్రామ్ చేయగల ఇటుక) మీద పనిచేశారు. 1998లో లెగో కంపెనీ తెచ్చిన మైండ్‌స్టార్మ్స్ రోబో కిట్లకు స్ఫూర్తి ఆ ఇటుకే.

అదే జనవరిలో జరిగే ‘మిస్టరీ హంట్’ది మరో తీరు. 1981లో బ్రాడ్ షాఫర్ అనే పరిశోధక విద్యార్థి ఒక కాగితం మీద కొన్ని చిక్కుముళ్లు రాసి, క్యాంపస్‌లో ఒక నాణెం దాచి, వెతకమన్నాడు. ఇప్పుడది వేలమంది పాల్గొనే జాతర. గెలిచిన జట్టుకు దక్కేది పనే: వచ్చే ఏడాది చిక్కుముళ్లన్నీ వాళ్లే తయారుచేయాలి!

ఒహాయోలోని ఓబర్లిన్ కాలేజీ ఎంఐటీకన్నా ముందే, 1969లో, జనవరికి ‘వింటర్ టర్మ్’ పెట్టింది. అక్కడ అధ్యాపకుడు సరేనంటే, సొంతంగా ఎంచుకున్న ఒక్క పని మీదే నెలంతా ఉండొచ్చు.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ ప్రాజెక్టులున్నాయి. హైదరాబాద్ అమీర్‌పేటలో డబ్బు కడితే కోడు, రిపోర్టు, వైవాలో చెప్పాల్సిన జవాబులు, అన్నీ చేతికొస్తాయి. పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. టాపిక్ గైడుది, ఫార్మాట్ యూనివర్సిటీది, గడువు పరీక్షల విభాగానిది. తనదంటూ ఏమీ లేనిదాని కోసం ఏ కుర్రాడు నిద్ర మానుకుంటాడు?

అటానమస్ కాలేజీల యాజమాన్యాలకు ఒక్క మనవి. సంక్రాంతి సెలవుల వెనకే రెండు వారాలు కలపండి. హాజరు వద్దు, మార్కులు వద్దు. ల్యాబు తాళాలు మాత్రం పిల్లల చేతికివ్వండి.