భూప్రదక్షిణానికి బయలుదేరిన పడవ

వేటపాలెం దాపున, సముద్రతీరాన మోటుపల్లి అనే గ్రామం ఉన్నది. ఇప్పుడు చూచినవారికి అది ఒకనాటి మహారేవు అంటే నమ్మబుద్ధి కాదు. కాని కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం అందుకు సాక్ష్యం. గాలివానకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరకంతా పూర్వపు రాజులు లాగేసుకునేవారట. తాను అలా చేయననీ, న్యాయమైన సుంకం మాత్రమే పుచ్చుకుంటాననీ గణపతిదేవుడు దేశాంతర వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ రోజులలో ఓడ ఎక్కినవాడికి సముద్రభయం ఒకటి, ఒడ్డుభయం మరొకటి!

నేడు తెరచాప ఎత్తి మహాసముద్రాలు దాటేవారికి ఒడ్డుభయం లేదు. అసలు ఒడ్డే కనబడదు. తాడు తెగినా, మర విరిగినా పడవలో ఉన్నదానితోనే బాగుచేసుకోవాలి. అంగడి లేని ఊరికి ఆరు నెలల కాపురం పెట్టడంవంటిది ఈ ప్రయాణం.

2017 సెప్టెంబరు 10న మన నౌకాదళ వనితలు ఆరుగురు ‘తారిణి’ అనే పడవలో గోవా నుంచి ఇలాగే బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తాలతో పాటు మన తెలుగు ఆడపడుచులు ఇద్దరు ఆ జట్టులో ఉన్నారు: విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాదు నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. మొదటి మజిలీ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ చేరడానికే నలభై రోజులు దాటింది.

తారిణి పొడవు 17 మీటర్లు. గోవాలోని అక్వేరియస్ నౌకానిర్మాణశాలలో కొయ్యకు ఫైబర్‌గ్లాసు తొడిగి దీనిని కట్టారు. తెరచాప కట్టే స్తంభాన్ని దక్షిణాఫ్రికాలో ప్రత్యేకంగా చేయించారు. దాని ఎత్తు 25 మీటర్లు, అంటే ఎనిమిది అంతస్తుల మేడంత! ఇలాంటి పడవల అడుగున సీసం వంటి బరువు బిగిస్తారు. అల తాకిడికి పక్కకు పడిపోయినా, బొమ్మల కొలువులోని తంజావూరు బొమ్మలాగా పడవ మళ్ళీ లేచి నిలబడుతుంది.

తెరచాపలు ఆరు. అన్ని ఎందుకని అడగవచ్చు. గాలి సన్నగా వీచేటప్పుడు పల్చని పెద్దచాప కావాలి. తుపానులో మందమైన చిన్నచాప కావాలి. గుడ్డ సంగతి వేటపాలెం, చీరాల నేతగాండ్రకు వేరే చెప్పనక్కరలేదు. పడుగు వెంట లాగినా, పేక వెంట లాగినా గుడ్డ అంతగా సాగదు. ఐమూలగా లాగితే మాత్రం సాగుతుంది. అందుకని పాలియెస్టరు దారాన్ని బిగువుగా నేసి, బంక పట్టించి, లాగుడు పడే వైపుకే పోగులు వచ్చేటట్లు ముక్కలు కోసి కుడతారు. పూర్వపు నూలుచాపలు తడిస్తే బరువెక్కేవి, ఆరకపోతే కుళ్ళేవి. పాలియెస్టరుకు ఆ బెడద లేదు గాని, ఎండా ఒరిపిడీ దానికీ శత్రువులే. తాడు రాసుకునే చోటల్లా ముందుగానే రెండవ పొర వేసి ఉంచుతారు. ఇంకా సూదులు, మైనపు దారం, అరచేతికి తొడుక్కునే తోలు పట్టా కూడా వెంట ఉండవలసిందే.

ఇక మన గృహిణులకు ఆసక్తి కలిగించేది వంటిల్లు. పొయ్యిని ఇరుసులమీద వేలాడదీస్తారు. పడవ ఎటు ఒరిగినా పొయ్యి ఉయ్యాలలా ఊగి సమంగా నిలుస్తుంది. గిన్నె జారకుండా చుట్టూ కమ్మీ. డబ్బాలమీద అతికించిన కాగితాలు చెమ్మకు ఊడిపోతాయి. అందుచేత లోపలి వస్తువు పేరు డబ్బా మీదనే రంగుతో వ్రాస్తారు. లేకపోతే పప్పనుకొని తెరిస్తే పండ్లముక్కలు కనబడవచ్చు! నిద్రలో దొర్లి కింద పడకుండా పడక పక్కన గుడ్డ బిగించి తొట్టిలాగా చేస్తారు. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రం ఉంటుంది; అది మొరాయిస్తే తెరచాప మీదనుంచి జారే వాననీరే గతి. పైన పనిచేసేవారు నడుముకు పట్టీ కట్టుకొని, దానిని పడవకు తగిలించుకుంటారు.

స్తంభమే విరిగితే? 2018 సెప్టెంబరులో హిందూ మహాసముద్రంలో అభిలాష్ టామీ ఒంటరిగా నడుపుతున్న ‘తురీయ’ పడవకు అదే జరిగింది. వెన్ను దెబ్బతిని లేవలేకపోయిన ఆయనను ఫ్రెంచి ఓడ ఒకటి రక్షించింది. విరిగిన స్తంభం అలలలో ఊగి పడవకు చిల్లి పెట్టకముందే దాని తీగలను తెంచాలి. అందుకని దూరప్రయాణపు పడవలో బలమైన కత్తెర ఒకటి చేతికందే చోట ఉంచుతారు.

తారిణి పసిఫిక్ మహాసముద్రంలో గంటకు 140 కిలోమీటర్లకు మించిన గాలిని తట్టుకొని, 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొనన హార్న్ అగ్రాన్ని దాటింది. కేప్‌టౌనులో ఆగి ఇంటిముఖం పట్టింది. గండాలన్నీ గడిచాయనుకునే సమయానికి చుక్కానిని తిప్పే యంత్రాంగం చెడిపోయింది. ఇలాంటి అవసరానికే చుక్కాని తలకు నేరుగా తగిలించే పిడి ఒకటి పడవలలో ఉంచుతారు. ఉపయోగం పడనంతకాలం అది వట్టి బరువు. పడిననాడు దాని విలువ కట్టలేము. తారిణి అనుకోని రేవుకు, మారిషస్‌లోని పోర్ట్ లూయికి చేరింది. మోటుపల్లి శాసనం తలచిన ఓడలూ ఇలా అనుకోని రేవుకు చేరినవే కదా! అక్కడ మరమ్మతు చేయించుకొని, మొత్తం 254 రోజులలో సుమారు 21,600 నాటికల్ మైళ్ళు తిరిగి, మే 21న ఆరుగురూ గోవాలో దిగారు.

2024 అక్టోబరు 2న ఇదే తారిణి మళ్ళీ భూప్రదక్షిణానికి బయలుదేరి, 2025 మే 29న తిరిగివచ్చింది. ఈసారి ఉన్నది దిల్నా, రూప అనే ఇద్దరే. ఆరుగురు పంచుకున్న కాపలా ఆ ఇద్దరిమీదనే పడింది; ఒకరు మేలుకొంటే ఒకరికి నిద్ర.