ప్రవాళ భిత్తికలు – స్నార్కెలింగ్: నియమాల వెనుక ఉన్న శాస్త్రం

పరిచయం

అండమాన్ దీవుల ముఖ్యపట్టణమైన పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఈ పట్టణానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో వండూర్ గ్రామం ఉంది. ఇక్కడి దీవులను, వాటి చుట్టూ ఉన్న సముద్రాన్ని కలిపి 1983లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కును ఏర్పాటు చేశారు. పార్కులోని జాలీబాయ్ దీవికి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను తీసుకుపోనివ్వరు. జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులను ఏడాదిలో వంతులవారీగా తెరుస్తారు. నీటిలోకి దిగినవారిని పగడాలపై నిలబడవద్దని, వాటిని తాకవద్దని హెచ్చరిస్తారు. ఈ నియమాలకు కారణం పగడం జీవించే విధానంలోనే ఉంది.

1. పగడం రాయి కాదు

చూడటానికి రాయిలా, కొమ్మలా కనిపించినా పగడం జంతువే. ఇది సీలెంటరేటా వర్గానికి చెందినది. పాలిప్‌లనే చిన్న జీవులు వేల సంఖ్యలో కలిసి సహనివేశాలుగా జీవిస్తాయి. ప్రతి పాలిప్ తన అడుగున కాల్షియం కార్బొనేట్‌ను స్రవించి గట్టి గూడు కట్టుకుంటుంది. తరతరాల గూళ్ళు పేరుకొని ప్రవాళ భిత్తికగా మారతాయి. అందులో సజీవమైనది పైనున్న పలుచని కణజాలపు పొర మాత్రమే. గుండ్రని బండలా పెరిగే పగడాలలో చాలావరకు ఏడాదికి 2 సెంటీమీటర్లకు మించి పెరగవు.

2. లోతు తక్కువ నీటిలోనే ఎందుకు?

పాలిప్ కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. ఇవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసిన ఆహారంలో ఎక్కువ భాగాన్ని పగడానికి అందిస్తాయి. పగడం వాటికి ఆశ్రయాన్ని, పోషకాలను ఇస్తుంది. ఈ సహజీవనానికి సూర్యరశ్మి, తేటనీరు, వెచ్చదనం అవసరం. అందుకే భిత్తికలను నిర్మించే పగడాలు ఉష్ణమండల దీవుల చుట్టూ, వెలుతురు చేరే తక్కువ లోతులలో బాగా పెరుగుతాయి. తీరాన్ని ఆనుకొని పెరిగే వాటిని అనుతీర ప్రవాళ భిత్తికలు అంటారు. అండమాన్‌లో ఇవే ఎక్కువ. లక్షద్వీప్‌లో ఉంగరం ఆకారపు అటాల్‌లు కనిపిస్తాయి.

3. స్నార్కెల్ పరిమితి

స్నార్కెల్ అంటే నోటితో గాలి పీల్చుకునే పొట్టి గొట్టం. దానిని పొడవు చేస్తే లోతుకు వెళ్ళవచ్చు కదా అనిపించవచ్చు. కాని ఒక మీటరు లోతులోనే ఛాతీపై వాతావరణ పీడనంలో సుమారు పదోవంతు అదనపు ఒత్తిడి పడుతుంది. దానికి ఎదురుగా గాలి పీల్చడం చాలా కష్టం. పైగా, వదిలిన గాలి పొడవాటి గొట్టంలో నిలిచిపోయి మళ్ళీ ఊపిరితిత్తులలోకే వస్తుంది. కాబట్టి స్నార్కెలింగ్ చేసేవారు నీటి ఉపరితలంపైనే తేలుతూ కిందికి చూడాలి. అంటే, పగడాలు వెలుతురు కోసం చేరుకున్న తక్కువ లోతు ప్రాంతమే మనకు కూడా అందుబాటులో ఉంటుంది. అందువల్ల ఆ పగడాలకు మన కాళ్ళ తాకిడి కూడా ఎక్కువే.

4. నియమాలు – కారణాలు

అ) నిలబడరాదు: అడుగు పడితే పలుచని సజీవ పొర నలిగిపోతుంది, కొమ్మలు విరుగుతాయి. క్షణంలో విరిగినది తిరిగి పెరగడానికి ఏళ్ళు పడుతుంది. అలసిపోతే వెల్లకిలా తేలాలి, లేదా పడవను పట్టుకోవాలి.

ఆ) ఇసుకను రేపరాదు: కాళ్ళకు తొడిగిన ఫిన్లను అడుగుకు దగ్గరగా గట్టిగా ఆడిస్తే ఇసుక లేచి పగడాలపై పడుతుంది. అది వెలుతురును అడ్డుకుంటుంది. దానిని తొలగించుకోవడానికి పాలిప్ తన శక్తిని ఖర్చు చేయాలి.

ఇ) చేపలకు మేత వేయరాదు: శైవలాలను మేసే చేపలు పగడాలను ఆ పెరుగుదల కప్పివేయకుండా కాపాడతాయి. బయటి తిండికి అలవాటు పడితే వాటి సహజ ప్రవర్తన మారుతుంది.

ఈ) సన్‌స్క్రీన్ పూతలు తగ్గించాలి: కొన్ని పూతలలోని ఆక్సీబెంజోన్ పగడపు లార్వాలకు హాని చేస్తుందని ప్రయోగశాల పరీక్షలలో తేలింది. హవాయిలో ఇటువంటి పూతల అమ్మకంపై 2021 నుంచి నిషేధం ఉంది. పూతకు బదులు పొడుగు చేతుల చొక్కా ధరించడం మేలు.

ఉ) పగడాలను సేకరించరాదు: భిత్తికలను నిర్మించే పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ కల్పిస్తుంది.

5. సందర్శకుని చేతిలో లేని ముప్పు

సముద్రపు నీరు వేసవిలో సాధారణంగా చేరే గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే ఒక డిగ్రీ సెల్సియస్ ఎక్కువై కొన్ని వారాలు కొనసాగితే, పగడాలు తమలోని శైవలాలను వెలువరించి తెల్లబడతాయి. దీనిని ప్రవాళ విరంజనం అంటారు. అండమాన్ భిత్తికలు 1998, 2010, 2016 సంవత్సరాలలో దీనికి గురయ్యాయి. తెల్లబడిన పగడం వెంటనే చనిపోదు. నీరు త్వరగా చల్లబడితే కోలుకోవచ్చు. ఆ సమయంలో అది ఆకలితో ఉన్న జీవి. కాలితాకిడిని, ఇసుకను అప్పుడు అది తట్టుకోలేదు. సముద్రపు వేడిని ఒక సందర్శకుడు తగ్గించలేడు. కాని కోలుకుంటున్న పగడానికి మరో దెబ్బ తగలకుండా చూడగలడు. దీవులను వంతులవారీగా మూసి ఉంచడంలోని ఉద్దేశం కూడా ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పగడానికీ జూజాంథెల్లేకూ మధ్య గల సహజీవనాన్ని వివరించండి.
2. స్నార్కెల్ గొట్టం పొట్టిగా ఉండటానికి గల రెండు కారణాలను తెలపండి.
3. విరంజనానికి గురైన భిత్తిక వద్ద పర్యాటకాన్ని కొంతకాలం నిలిపివేయడం సమంజసమేనా? కారణాలతో చర్చించండి.