అప్లికేషన్ మధ్యలో వైఫై ఆగిపోతే ఏం చేయాలి?

ఉపకార వేతనాలు, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఇంట్లోని కంప్యూటర్‌లోనే దరఖాస్తు చేసుకునే విద్యార్థులు, వారి తల్లిదండ్రుల కోసం ఈ వివరణ. జ్ఞానభూమి అయినా, ఈ-పాస్ అయినా ఫారం సగం నింపాక నెట్ పోతే కంగారు పడతాం. గడువు దగ్గర పడితే ఇంకా ఎక్కువ. అయితే ఇలాంటి ఇబ్బందుల్లో చాలా వరకు ఎవరినీ పిలవకుండా మీరే సరిచేసుకోవచ్చు.

ఈరోజే ఆఖరి తేదీ అయితే

ముందు రిపేరు పక్కన పెట్టండి, పని పూర్తి చేసుకోండి. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి కంప్యూటర్‌ని దానికి కలపండి. కంప్యూటర్‌కి వైఫై పట్టే సౌకర్యమే లేకపోయినా, ఛార్జింగ్ వైరుతో ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి ఫోన్ సెట్టింగ్స్‌లో 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేస్తే నెట్ వస్తుంది. ఫారం నింపడానికి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయడానికి పెద్దగా డేటా ఖర్చు కాదు. అప్లికేషన్ నంబర్ తెరమీద కనిపించగానే కాగితం మీద రాసుకోండి.

తప్పు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి

ఇంట్లో ఎవరి ఫోన్ అయినా తీసుకుని మొబైల్ డేటా పూర్తిగా ఆపేయండి. ఈ మాట ముఖ్యం. డేటా ఆన్‌లో ఉంటే వైఫై పనిచేయకపోయినా ఫోన్‌లో అన్నీ తెరుచుకుంటాయి, మనం మోసపోతాం. ఇప్పుడు అదే వైఫైతో ఏదైనా సైట్ తెరవండి. ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే తప్పు కంప్యూటర్‌ది. రెండింట్లోనూ రాకపోతే తప్పు బాక్సుది గానీ లైనుది గానీ. రెండింట్లోనూ మిగతా సైట్లు వస్తూ దరఖాస్తు పేజీ ఒక్కటే రాకపోతే మీ నెట్ బాగానే ఉంది, ఆ సైట్ మీద రద్దీ ఉందన్నమాట. అప్పుడు బాక్సు ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. తెల్లవారుజామున గానీ రాత్రి పొద్దుపోయాక గానీ ప్రయత్నించండి.

బాక్సు మీద లైట్లు

ఏపీ ఫైబర్‌నెట్ గానీ, తెలంగాణలో టీ-ఫైబర్ గానీ, ప్రైవేటు కనెక్షన్ గానీ, ఇంటికి వచ్చేది సన్నటి ఫైబర్ వైరే. బాక్సు మీద 'పాన్', 'ఎల్‌ఓఎస్' అని రెండు లైట్లు ఉంటాయి. సాధారణంగా పాన్ లైటు ఆకుపచ్చగా నిలకడగా వెలగాలి, ఎల్‌ఓఎస్ లైటు వెలగకూడదు. ఎల్‌ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబర్‌లోంచి సిగ్నల్ రావడం లేదని అర్థం. ఫైబర్‌నెట్ లైన్లు చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. గాలివానకు కొమ్మ పడినా, ఎత్తుగా లోడు వేసిన లారీ తగిలినా తెగిపోవచ్చు. ఇంట్లో అయితే ఎలుకలు కొరుకుతాయి, లేదా మంచం కాలు కింద పడి వైరు నలిగిపోతుంది. లోపల ఉన్నది గాజు పోగు కాబట్టి కరెంటు వైరులా మడిచి కట్టకూడదు. ఊడదీసిన ఫైబర్ కొనలోకి కన్ను పెట్టి చూడవద్దు, పిల్లలను చూడనివ్వవద్దు. అందులో వచ్చే వెలుతురు కంటికి కనిపించదు, కానీ హాని చేస్తుంది.

ఎర్ర లైటు ఉంటే కేబుల్ ఆపరేటర్‌కే చెప్పాలి. ఫోన్‌లో ఊరికే "నెట్ రావట్లేదన్నా" అనకుండా "ఎల్‌ఓఎస్ ఎర్రగా కొడుతోంది" అని చెప్పండి. లైను మనిషి తగిన పనిముట్లతో వస్తాడు. లైట్లన్నీ సరిగా ఉండి నెట్ మాత్రం రాకపోతే నెల ప్యాకేజీ అయిపోయిందేమో చూసుకోండి. అది కట్టే ఉంటే బాక్సు స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి వేయండి. పూర్తిగా తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, అంతలో మళ్లీ ఆపవద్దు.

బాక్సు వెనక చిన్న రంధ్రంలో 'రీసెట్' ఉంటుంది. పిన్నుతో దాన్ని నొక్కవద్దు. ఆపరేటర్ పెట్టిన సెట్టింగులు కూడా చెరిగిపోయే అవకాశం ఉంది, అప్పుడు ఆయన వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నెట్ ఉండదు.

కంప్యూటర్‌లోనే తప్పు ఉంటే

మొదట ఎయిర్‌ప్లేన్ మోడ్ చూడండి. ల్యాప్‌టాప్ తుడిచేటప్పుడు మీట తగిలి అది ఆన్ అయిపోవడం మామూలే. మీ వైఫై పేరు కనిపిస్తున్నా కలవకపోతే ఆ పేరు మీద 'ఫర్గెట్' నొక్కి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టండి. మార్చకుండా ఉంటే పాస్‌వర్డ్ చాలా బాక్సులకు అడుగున స్టిక్కర్ మీదే ఉంటుంది. సున్నాకీ ఇంగ్లీషు 'ఓ' అక్షరానికీ తేడా చూసుకుని, పెద్ద చిన్న అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి.

కొన్ని బాక్సులు రెండు పేర్లు చూపిస్తాయి, ఒకదాని చివర 5జి అని ఉంటుంది. ఇది ఫోన్ సిమ్ 5జి కాదు, వైఫైలోనే ఇంకో రకం. పాత ల్యాప్‌టాప్‌లు కొన్నింటికి ఇది అసలు కనిపించదు. వేగం ఎక్కువే, కానీ గోడ దాటితే త్వరగా బలహీనపడుతుంది. బాక్సు హాల్లో, కంప్యూటర్ లోపలి గదిలో ఉంటే మామూలు పేరుకే కలపండి. బాక్సుని టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన పెట్టవద్దు.

పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు తేదీ, సమయం తప్పకుండా చూసుకోవాలి. లోపలి చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోతే కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఏళ్ల కిందటి తేదీకి వెళ్లిపోతుంది. అప్పుడు వైఫై కలిసినట్టే ఉంటుంది, సైట్లు మాత్రం 'కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అంటూ తెరుచుకోవు. నెట్ పోయిందనుకుని బాక్సు మార్పించుకునేవాళ్లూ ఉంటారు! తేదీ సరిచేస్తే ఆ పూటకి పని జరుగుతుంది, బ్యాటరీ మార్పిస్తే బెడద తీరుతుంది.

ఇవేవీ పనిచేయకపోతే బాక్సు నుంచి కంప్యూటర్‌కి ల్యాన్ వైరు కలిపి చూడండి. వైరుతో వస్తే తప్పు కంప్యూటర్ వైఫై భాగంలోనే. విండోస్ 10, 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ లోపల 'నెట్‌వర్క్ రీసెట్' ఉంటుంది. అది చేస్తే దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయి కాబట్టి ముందే రాసుకోండి. కంప్యూటర్ దానంతట అదే ఆగి మళ్లీ ఆన్ అవుతుంది. అప్పటికీ రాకపోతే యూఎస్‌బీకి గుచ్చే చిన్న వైఫై అడాప్టర్ కొనుక్కోవచ్చు, కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. ల్యాన్ వైరు అందేచోట ఉంటే అదీ అక్కర్లేదు.

గమనిక: సహాయం కోసం నెట్‌లో వెతికి దొరికిన నంబర్లకు ఫోన్ చేయవద్దు. మీ బిల్లు రశీదు మీద ఉన్న నంబర్‌కే చేయండి. వైఫై బాగుచేస్తామంటూ ఓటీపీ అడిగినా, ఫోన్‌లో స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా వెంటనే కట్ చేయండి. వైఫై రిపేరుకి ఓటీపీ అవసరం లేదు. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబర్ 1930కి ఫోన్ చేయండి.