మీకు తెలుసా? పేగుపూత పట్నానికే పరిమితం కాదు!
ఐబీడీ అని వైద్యులు పిలిచే పేగుపూతను, అంటే పేగుల్లో దీర్ఘకాలం ఉండే వాపును, చాలాకాలం పట్నం జబ్బుగానే చూశారు. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి వైద్యుల బృందం పల్లెల్లో, పట్టణాల్లో పొట్ట ఇబ్బందులున్న 30,000 మందికి పైగా రోగులను పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ పరీక్షలతో పరిశీలించింది. 2023లో వెలువడిన ఫలితాల్లో ఐబీడీ రెండుచోట్లా దాదాపు ఒకే స్థాయిలో కనిపించింది!

మరి కారణం జన్యువులేనా? పాశ్చాత్య దేశాల్లో ఐబీడీలో ఒక రకమైన క్రోన్స్ వ్యాధితో ముడిపడిన నాడ్2 జన్యు మార్పులకు భారతీయ రోగుల్లో అలాంటి సంబంధం లేదని 2011లో హైదరాబాద్ పరిశోధకులే చూపించారు. అందుకే తిండి, పేగుల్లోని బ్యాక్టీరియా ఇంత ముఖ్యమైన ప్రశ్నలయ్యాయి.

పీచును ఆ బ్యాక్టీరియా పులియబెడితే బ్యుటిరేట్ పుడుతుంది. పెద్దపేగు కణాలకు ప్రధాన ఇంధనం అదే. పండ్లు, కూరగాయల్లో ఈ పీచు దండిగా ఉంటుంది. పేగు ఇరుకైన రోగులు మాత్రం పీచు ఎంత తినాలో వైద్యుణ్ని అడిగే తేల్చుకోవాలి.