కడుపునొప్పి అని వచ్చిన పాప

పోక్సో చట్టం రాక ముందు మాట. అప్పుడు నేను పిల్లల వార్డు సిస్టరును. ఎనిమిదేళ్ళ పాప కడుపునొప్పితో చేరి మూడు రోజులైంది. రక్తం, మూత్రం, స్కానింగ్ అన్నీ మామూలుగానే ఉన్నాయి. డిశ్చార్జి అనగానే నా కొంగు పట్టుకుని, "సిస్టరమ్మా, ఇంకో రెండు రోజులు ఇక్కడే ఉంటా" అంది. బడి ఎగ్గొట్టాలని చూస్తోందనుకుని నవ్వి పంపేశాను. రెండు నెలలకు మళ్ళీ అదే నొప్పితో వచ్చింది. ఇంట్లో ఉంటున్న దగ్గరి బంధువు చేస్తున్న పని అప్పుడు బయటపడింది. ఆ రెండు నెలలు ఇప్పటికీ నా లెక్కలోనే ఉన్నాయి.

పిల్లలు ఈ సంగతి సూటిగా చెప్పరు. "ట్యూషన్‌కు వెళ్ళను" అంటారు, "ఆ మామయ్య ఒళ్ళో కూర్చోను" అంటారు. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. వీటికి వేరే కారణాలూ ఉండవచ్చు, కంగారు పడకండి. కానీ కసరకుండా ఒక్కసారి కూర్చోబెట్టుకుని వినండి.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనం వెలువరించింది. మన రాష్ట్రంతో కలిపి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే, సగం మందికి పైగా ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు జరిగిందన్నారు. వారిలో మగపిల్లలే కాస్త ఎక్కువ. చేసినవారిలో సుమారు సగం మంది పిల్లలకు తెలిసినవారే. కాబట్టి "తెలియనివాళ్ళతో మాట్లాడకు" అని ఒక్కటే నేర్పితే సరిపోదు.

మరి ఎప్పుడు, ఎలా చెప్పాలి? స్నానం చేయించేటప్పుడే. ముక్కు, చెవి అని చెప్పినట్టే ఒంటికి పోసే చోటు, దొడ్డికి కూర్చునే చోటు, రొమ్ములు అని మీ ఇంటి మాటల్లోనే పేర్లు చెప్పండి. "ఛీ, సిగ్గు" అనకండి. సిగ్గు అని నేర్చుకున్న పాప ఆ చోటు గురించి మీకెలా చెబుతుంది? చెడ్డీ, బనియన్ కప్పే చోట్లు నీవి, శుభ్రం చేయడానికి అమ్మా, అమ్మ ఎదురుగా డాక్టరుగారూ తప్ప ఎవరూ తాకకూడదు, వాళ్ళవి నిన్ను తాకమన్నా, ఫోనులో అలాంటి బొమ్మలు చూపించినా, "ఎవరికీ చెప్పకు" అన్నా వెంటనే వచ్చి చెప్పు అనండి. అమ్మ దొరక్కపోతే ఇంకెవరికి చెప్పాలో ఇద్దరి పేర్లు పిల్లల చేతే చెప్పించండి.

ఐదేళ్ళ బూస్టర్ టీకాకు వచ్చే తల్లులకు ఈ మాటే చెబుతుంటాను. ఒక నాయనమ్మగారు, "చిన్నపిల్లలకు ఈ మాటలేంటి సిస్టరుగారూ?" అని కోప్పడ్డారు. చిన్నపిల్లలకే జరుగుతోంది కదమ్మా అన్నాను. ఇంకో అలవాటు కూడా మానాలి. బంధువులు రాగానే "ముద్దు పెట్టు, లేకపోతే మర్యాద కాదు" అని బలవంతం చేస్తాం. పెద్దవాళ్ళకు కాదనకూడదని మనమే నేర్పి, కాదనలేదేమని తర్వాత అడుగుతాం.

బిడ్డ చెబితే ముందుగా "నమ్ముతున్నాను, తప్పు నీది కాదు" అనండి. అరవకండి, పదిమంది ఎదుట మళ్ళీ మళ్ళీ చెప్పించకండి. ఇప్పుడే జరిగి ఉంటే స్నానం చేయించకుండా, బట్టలు ఉతక్కుండా, కాగితం సంచిలో పెట్టి ఆసుపత్రికి తీసుకురండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి. ఎంత త్వరగా వస్తే అంత మంచిది. రోజులు గడిచినా రావడం మానకండి. పోలీసు కాగితం లేదని చికిత్స ఆపరు, డబ్బు కట్టనక్కర్లేదు. ఆడపిల్లను లేడీ డాక్టరే పరీక్షిస్తారు, మీరు పక్కనే ఉండవచ్చు.

గుట్టుగా ఉంచమని మాత్రం మమ్మల్ని అడగకండి. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన మేము పోలీసులకు చెప్పి తీరాలి, లేకపోతే మాకూ శిక్ష. పోలీసులు యూనిఫాం లేకుండా మీ ఇంటికే వచ్చి వివరాలు రాసుకోవాలి. బిడ్డ పేరు, ఫోటో పత్రికల్లో రాకూడదు. 1098కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, పిల్లలైనా చేయవచ్చు.

పిల్లల ఓపీ పక్కన చిన్న గది ఉంది. చీటీ రాసేచోట కారణం చెప్పనక్కర్లేదు, "సిస్టరుతో మాట్లాడాలి" అంటే చాలు, లోపలికి పంపుతారు.