కొత్త ఇంటికి పిట్టగోడ: మన డెల్టాలో సాదా ఇల్లు ఎలా కట్టుకోవాలి?



మన సంఘాల్లో సొంత ఇల్లంటే ఒక కుటుంబం ఏళ్ల తరబడి చేసిన ప్రార్థనకు జవాబు. గృహప్రతిష్ఠ రోజున 127వ కీర్తన చదువుతాం, పాటలు పాడుతాం, అందరం కలిసి భోంచేస్తాం. మంచిదే. కానీ కొత్త ఇంటి గురించి మోషే ధర్మశాస్త్రంలో సూటిగా ఒక ఆజ్ఞ ఉంది. దానిని ఆ రోజున చదవడం అరుదు. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలి, అక్కడి నుంచి ఎవరైనా పడితే ఆ ప్రాణదోషం ఆ ఇంటి మీదికి రాకూడదు అన్నది దాని సారాంశం (ద్వితీ. 22:8).

ఆ రోజుల్లో ఇశ్రాయేలీయుల ఇళ్లకు చదునైన కప్పులుండేవి. యెరికోలో రాహాబు తన మిద్దె మీద జనపకట్టె ఆరబెట్టింది. యొప్పేలో పేతురు మిద్దె మీదికెక్కి ప్రార్థించాడు. పైకప్పు కూడా ఇంట్లో ఒక గదిలాంటిదే. అక్కడికి ఇరుగుపొరుగు వస్తారు, పిల్లలు ఆడుకుంటారు. కాబట్టి ఇల్లు నా డబ్బుతో కట్టినా, దాని వల్ల ఇతరులకు జరిగే కీడుకు నేనే బాధ్యుణ్ణి. ఇల్లు ఎంత గొప్పగా ఉండాలో ఈ ఆజ్ఞ చెప్పదు. దాని వల్ల ఎవరూ నష్టపోకూడదని మాత్రం చెబుతుంది. "సాదా జీవితం", "పచ్చని జీవితం" అని నేడు మనం వింటున్న మాటలకు వాక్యంలో పునాది ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తెనాలిలో ముప్పై ఏళ్లు అద్దె ఇళ్లలో గడిపారు. తండ్రికి రిటైర్మెంటు దగ్గర పడింది. బాపట్ల వైపో, రేపల్లె వైపో సొంత ఊళ్లో అయిదు సెంట్ల స్థలం ఉంది. పట్నం ఖర్చులు తగ్గించుకుని, పెరట్లో నాలుగు చెట్లు పెంచుకుని, ఉన్నంతలో నెమ్మదిగా బతకాలని ఆశ. ఇలాంటి కుటుంబం మన ప్రతి సంఘంలోనూ ఒకటి ఉంటుంది. వారు పునాది తీయకముందే ఆలోచించుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదట లెక్క

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగాడు (లూకా 14:28). మనమూ చూద్దాం. 20 లక్షల అప్పును 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా దాదాపు 18 వేలు. 20 ఏళ్లలో కట్టేది మొత్తం 43 లక్షలు. అంటే ఒక ఇంటికి రెండిళ్ల ఖరీదు పైనే చెల్లిస్తున్నాం. అదే ఇంటిని మూడో వంతు తగ్గించి కట్టి, అప్పును కూడా అంతే తగ్గిస్తే వాయిదా 12 వేలకు దిగుతుంది. నెలకు 6 వేలు మిగులుతాయి. పిల్ల చదువుకో, అమ్మ మందులకో, కానుకకో అవి పనికొస్తాయి.

ఇల్లు చిన్నదైతే ఇటుక, సిమెంటు, ఇనుము, రంగు, కరెంటు అన్నీ తగ్గుతాయి. వీటిలో సిమెంటు, ఇనుము, ఇటుక తయారు కావాలంటే బొగ్గు మండాలి. ఏడాదికి రెండుసార్లు వచ్చే చుట్టాల కోసం కట్టే గదిని ఏడాది పొడవునా ఊడ్చేది ఇంటి ఇల్లాలే. ఇల్లు ఎంత ఉండాలో ఇరుగింటి మేడను చూసి తేల్చుకోకండి. ఇంట్లో ఎంతమంది ఉంటారో లెక్కపెట్టుకోండి.

నేల, నీటి దారి

బండ మీద కట్టిన ఇల్లు, ఇసుక మీద కట్టిన ఇల్లు అనే ఉపమానం మనకు బాగా తెలుసు. మన డెల్టాలో బండ దొరకదు. తెనాలి చుట్టూ బంకమన్ను ఎక్కువ. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. బాపట్ల తీరంలో ఇసుక. రేపల్లె నుంచి సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పు తగిలిన ఒండ్రు. అయితే లూకా సువార్తలో ఇదే ఉపమానం చెబుతూ ప్రభువు లోతుగా తవ్విన మనిషిని మెచ్చుకున్నాడు (6:48). నేలను పరీక్ష చేయించి, దానికి తగిన పునాది వేయడం విశ్వాసం లేకపోవడం కాదు, విధేయత.

ఇక్కడ సాదా ఇల్లంటే బలహీనమైన ఇల్లు కాకూడదు. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన దివిసీమతో పాటు రేపల్లె తీరాన్నీ దెబ్బతీసింది. 2010 మేలో లైలా తుపాను, 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటాయి. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చినప్పుడు కొల్లిపర, కొల్లూరు, రేపల్లె వైపు లంక గ్రామాలు నీట మునిగాయి. కాబట్టి గాలికి కప్పు లేచిపోకుండా, మూలలు విడిపోకుండా కట్టడం ఈ ప్రాంతంలో మొదటి పొదుపు. కూలిన ఇంటిని మళ్లీ కట్టడం కన్నా పెద్ద దుబారా లేదు.

ఇంకో మాట. చవకగా వస్తుందని చెరువు పూడ్చిన స్థలాన్నీ, మురుగు కాలువ పక్క పల్లాన్నీ కొంటాం. అయిదడుగుల మట్టి తోలించి మెరక చేస్తాం. మన గుమ్మంలోకి నీరు రాదు. కానీ ఆ నీరు మాయమైపోదు. పక్కింటి పెరట్లోకీ, వెనక పూరింట్లోకీ పోతుంది. వానాకాలంలో నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో ఆ ఊరి పెద్దవాళ్లను అడిగి, ఆ దారి వదిలి కట్టడం మనం కట్టే మొదటి పిట్టగోడ.

తాగే నీరు ఎక్కడిది?

కాలువలకు నీరు ఆపే వేసవి నెలల్లో నీటి విలువ ఇక్కడ అందరికీ తెలిసివస్తుంది. తీరపు నేలల్లో ఇంకో చిక్కు ఉంది. లోపల ఉప్పునీరు ఉంటుంది. ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక గనుక దాని మీద పలుచని పొరలా నిలుస్తుంది. బాపట్ల ప్రాంత రైతులు తరతరాలుగా తవ్వుకున్న దొరువులు ఆ పై పొర నీటినే తోడుకుంటాయి. అవి లోతు తక్కువ గుంటలు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన శాస్త్రవేత్తలు ఆ పద్ధతినే మెరుగుపరిచారు. నేలలో కొద్ది లోతున చిల్లుల గొట్టాలు పరిచి, వాటిలోకి ఊరిన మంచినీరు ఒక బావిలోకి చేరేలా చేశారు. అదే చోట లోతుగా బోరు వేసి గట్టిగా లాగితే కింది ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. మన బోరే కాదు, పక్కవాళ్ల చేతిపంపు కూడా చెడుతుంది.

కాబట్టి ఇంటి ప్లానులోనే వాననీటికి చోటు చూపించండి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లకు పైగా నీరు వస్తుంది. మొదటి వాన కడుగు నీటిని వదిలేసి, తర్వాతి నీటిని వడగట్టి సంపులో నింపుకోవచ్చు. ఇసుక నేలల్లో ఇంకుడు గుంత బాగా పనిచేస్తుంది. వానాకాలంలో నీరు నేల పైకే ఊరే పల్లపు చోట్ల మాత్రం గుంత కన్నా తొట్టె మేలు. స్నానాల నీటిని అరటి చెట్లకు మళ్లిస్తే అటు మురుగు తగ్గుతుంది, ఇటు గెల దిగుతుంది.

గోడలు, కప్పు

ఈ విషయంలో మనకు ఒక విశ్వాసి కుటుంబం మాదిరిగా ఉంది. లారీ బేకర్ 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆర్కిటెక్టు, క్వేకర్ క్రైస్తవుడు. కుష్ఠురోగుల సేవ చేసే మిషన్‌తో 1945లో మన దేశానికి వచ్చాడు. కేరళకు చెందిన డాక్టరు ఎలిజబెత్‌ను పెళ్లాడాడు. ఇద్దరూ హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో ఏళ్ల తరబడి వైద్యసేవ చేసి, 1963లో కేరళకు తరలివచ్చారు. తర్వాత తిరువనంతపురంలో ఒక రాతి గుట్ట వాలులో, చెట్ల మధ్య తమ ఇల్లు కట్టుకున్నారు. ఇంటికి వాడే సామగ్రి అయిదు మైళ్లలోపు దొరికేదై ఉండాలని గాంధీగారు చెప్పిన మాట బేకర్ మనసులో నాటుకుపోయింది. 2007లో మరణించేవరకు పేదల ఇళ్లు, ప్రార్థనా మందిరాలు, కళాశాలలు ఆ పద్ధతిలోనే కట్టాడు. 1990లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

ఆయన ప్రచారం చేసిన ఒక కట్టుబడిలో ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడతారు. గోడ మధ్యలో ఖాళీ మిగులుతుంది. దాదాపు నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, ఆ ఖాళీ ఎండ వేడిని లోపలికి రానివ్వదు. మన తీరంలో ఇలా కట్టాలంటే మూలల్లో ఇనుము, గోడల మీద కాంక్రీటు బెల్టులు తప్పనిసరి. తెలిసిన ఇంజనీరును అడగకుండా మొదలుపెట్టవద్దు. మన పెద్దలు ఇంటి ముందు వేసుకున్న వసారా, ఎదురెదురు కిటికీలు, పడమట నీడనిచ్చే వేప, కానుగ చెట్లు, మిద్దె మీద తెల్ల సున్నం కూడా ఏసీ అవసరాన్ని తగ్గించేవే. మనం బెంగుళూరు పెంకు అని పిలిచే పెంకుకు కూడా సంఘ చరిత్రలో చోటుంది. మంగళూరులో బాసెల్ మిషన్ వారు 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు, విశ్వాసులకు అక్కడ ఉపాధి దొరికింది. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు ఆ పెంకులు, టేకు తలుపులు, దూలాలు పారేయకండి. గట్టిగా ఉన్నవి కొత్త ఇంట్లో ఇంకో తరం పనిచేస్తాయి.

ఇటుక విషయంలో యిర్మీయా ప్రవక్త మాట మరువకూడదు. పనివాడి కూలి ఎగ్గొట్టి విశాలమైన మేడ కట్టుకున్న రాజును ఆయన శ్రమ అని హెచ్చరించాడు (22:13, 14). ఒడిశా వంటి చోట్ల నుంచి పిల్లాపాపలతో వలస వచ్చి మన రాష్ట్రంలోని బట్టీల దగ్గర గుడిసెల్లో ఉంటున్నవారి చెమట మన గోడల్లో ఉంది. పొలం పైమట్టి కూడా ఉంది. తక్కువ ఇటుకలతో కట్టడం, దొరికిన చోట బూడిద ఇటుక వాడటం, మన మేస్త్రీకీ కూలీలకూ శనివారం కూలి శనివారమే ఇవ్వడం ఇవన్నీ ఇంటి పవిత్రతలో భాగమే.

ఇంట్లో దిగిన తర్వాత

కరెంటు విషయంలో ముందు వాడకం తగ్గించి, తర్వాత సోలార్ పెట్టుకోవాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30 వేల రూపాయలు, 3 కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78 వేల రాయితీ ప్రకటించారు. పెరట్లో కరివేపాకు, మునగ, బచ్చలి, కాకర పాదు ఉంటే కూరగాయల సంచీ తేలికవుతుంది. కూర తొక్కలు, రాలిన ఆకులు ఒక గుంతలో వేస్తే ఎరువు అవుతుంది, కాల్చక్కర్లేదు. ఇల్లు ఊరికి దూరంగా కట్టి ప్రతి పనికీ బండి తీస్తే పొదుపు చేసిందంతా పెట్రోలుకు పోతుంది. తెనాలి నుంచి బాపట్లకూ రేపల్లెకూ రైలు ఉంది. స్టేషనుకో, బస్సుకో, మందిరానికో నడిచిపోయే దూరంలో ఉండటం వయసు మళ్లినవారికి పెద్ద మేలు.

ఒక హెచ్చరిక

సాదా జీవితం గురించి పేదలకు బోధించే హక్కు మనకు లేదు. కాలువ కట్ట మీద తాటాకు ఇంట్లో, వాన పడితే గిన్నెలు పెట్టుకుని రాత్రంతా కూర్చునే సహోదరి మన సంఘంలోనే ఉంది. ఆమె చిన్న ఇంట్లో ఉన్నది ఇష్టపడి కాదు. తగ్గించుకోమని వాక్యం చెప్పేది తగ్గించుకోవడానికి ఏదైనా ఉన్నవారికే. మనం తగ్గించుకున్నది మళ్లీ మన బ్యాంకులోకే పోతే అది పొదుపు. దానిలో కొంత ఆమె ఇంటి కప్పుకో, మరుగుదొడ్డికో చేరితే అది క్రైస్తవ ధర్మం. స్త్రీల సమాజం, యౌవనుల సమాజం కలిసి ఏడాదికి ఒక్క ఇంటి కప్పు బాగుచేయించే తీర్మానం చేసుకోవచ్చు. సంఘం కూడా తన వంతుగా ప్రేమవిందులో ప్లాస్టిక్ గ్లాసులు, ప్రతి పండుగకూ ఫ్లెక్సీలు మానుకుంటే ఈ బోధకు బలం వస్తుంది.

కాపరులకు ఒక మనవి. మనల్ని గృహప్రతిష్ఠకు పిలుస్తారు, అప్పటికి అన్నీ అయిపోయి ఉంటాయి. ఇకమీదట స్థలం కొనకముందు, ప్లాను గీయకముందు ఆ కుటుంబంతో కూర్చుని ప్రార్థిద్దాం. వాయిదా ఎంత, నీరు ఎటు పోతుంది, కూలి ఎవరికి ఇవ్వాలి అని ప్రేమతో అడుగుదాం.

చెరలో ఉన్న తన ప్రజలకు దేవుడు ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటమన్నాడు, తామున్న పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమన్నాడు (యిర్మీయా 29:5-7). ఇల్లు, తోట, ఊరి క్షేమం మూడూ ఒకే ఆజ్ఞలో ఉన్నాయి. తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా ఇల్లు కట్టుకుంటున్న ప్రతి కుటుంబాన్ని ప్రభువు దీవించును గాక. ఆ ఇంటి నీడ పొరుగువారికీ చల్లగా ఉండును గాక. ఆమేన్.